రికార్డు గదిలో నేను పగలగొట్టిన తాళం

డేటాబేసుల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మజ్జిగ తాగుతారు, మా కుక్కని చూసి కాళ్ళు పైకి పెట్టుకుంటారు, తర్వాత అసలు సంగతికి వస్తారు. "మేడమ్, పాత డేటాబేసుని కొత్త వెర్షన్‌లోకి మారుస్తుంటే ఫైలు వాడుకలో ఉందంటూ లాక్ చూపిస్తోంది. ఎలా తీసెయ్యాలి?"

ఎలా తీసెయ్యాలో మీ ఫోన్ని అడిగితే అర నిమిషంలో చెబుతుంది నాయనా. నన్ను అడిగారంటే సాయంత్రం దాకా కూర్చోవాలి. ఎందుకంటే అలాంటి లాక్ ఒకటి నేను మహా తెలివిగా తీసేసి, గంగమ్మ అనే ఆవిడని ఆపరేషన్ బల్ల మీద చంపినంత పని చేశాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నదే. కాబట్టి అదే రాస్తున్నాను.

నా పేరు సుగుణ. మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో ఒక చిన్న కంపెనీలో పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. ఆసుపత్రులకీ, కాలేజీలకీ, రైసు మిల్లులకీ చిన్న చిన్న డేటాబేసులు రాసి, అవి మొరాయించినప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి బుజ్జగించి రావడం మా పని. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండు, రెండోదానికి కుర్చీకి చక్రాలొచ్చాయి, అంతే.

మిల్లులో గుమస్తా, మా సన్యాసిరావు గారు

ముందు లాక్ అంటే ఏమిటో చెప్పాలి. ఆ పాత డేటాబేసులన్నీ ఒకే ఒక ఫైలు. అది ఒక కంప్యూటర్లో ఉంటుంది, మిగతా కంప్యూటర్ల వాళ్ళు అక్కడికే వచ్చి తెరుచుకుంటారు. ఎవరైనా తెరవగానే దాని పక్కన ఇంకో చిట్టి ఫైలు పుడుతుంది. లోపల ఏ ఏ కంప్యూటర్లు ఉన్నాయో అందులో పేర్లుంటాయి. ఆఖరి మనిషి బయటికి రాగానే అది మాయమైపోతుంది. కొత్త వెర్షన్‌లోకి మార్చాలంటే లోపల ఎవ్వరూ ఉండకూడదు. ఇంటికి సున్నం వేసేటప్పుడు అందరూ బయటికి రావాలి కదా, అలాగే.

చిక్కెక్కడంటే, ఒక్కోసారి అందరూ వెళ్ళిపోయినా ఆ చిట్టి ఫైలు వెళ్ళదు. కరెంటు పోయినా, కంప్యూటరు బిగుసుకుపోయినా, లేని మనిషి ఉన్నట్టే చూపిస్తుంది. వాటిని మేం దెయ్యాలనేవాళ్ళం. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి దెయ్యాలకి కొదవ లేదు. చేరిన కొత్తలో నేను ప్రతి లాక్ చూసీ భయపడేదాన్ని. కొన్నేళ్ళు పోయాక ప్రతి లాకూ దెయ్యమే అనుకోవడం మొదలెట్టాను. ఇందులో ఏది ఎక్కువ ప్రమాదమో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మా మేనేజరు సన్యాసిరావు గారు. చొక్కా జేబులో పెన్ను బదులు స్క్రూడ్రైవరు పెట్టుకునే మనిషి. మా ఊళ్ళో ఒక రైసు మిల్లులో పాత డేటాబేసు మార్చడానికి నన్ను పంపారు. పొద్దున్నే ఎప్పుడెళ్ళినా ఓనరు గారి గదిలో కంప్యూటరు పేరుతో లాక్. ఓనరు గారు పదింటికి గానీ రారు. నేను వైరు మార్చాను, వైర్లు కలిసే డబ్బా మార్చాను, మూడో రోజు ఏడుపొక్కటే తక్కువ. నాలుగో రోజు సన్యాసిరావు గారు వచ్చారు. కంప్యూటరు వంక చూడనైనా చూడలేదు. గుమస్తాతో కలిసి టీ తాగుతూ, "పొద్దున్న రాగానే ఏటి సేస్తావు బావూ?" అని తీరిగ్గా అడిగారు.

గుమస్తా కాసేపు నసిగాడు. "ఓనరుగారి గదిలో కంపూటర్లో నా పేరుతోటి తెరిసి ఉంచుతాను సార్. ఆయనొచ్చేసరికి నాను పొద్దున్నే వచ్చినట్టు స్క్రీను మీద నా పేరు కనబడాల కదా. ఆ తరవాత ఇంటికెల్లి సద్దన్నం తినేసి వస్తాను."

వచ్చేటప్పుడు రైలు స్టేషను దాకా నడుస్తూ ఆయన నన్ను ఏడిపించారు. "వైరు మార్సినావు, డబ్బా మార్సినావు. వైరుకేటి తెలుస్తాది సుగుణా, ఆడి సద్దన్నం సంగతి?"

నాకు ఈ పని నేర్పింది ఆయనే. మనిషిని అడగడం ఆయనకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. కానీ దాచుకోకుండా చెప్పాలంటే, మనిషికి చెప్పడం మాత్రం ఆయనకి చేతనయ్యేది కాదు. తప్పు మనదైతే ఆ రోజంతా ఫోను ఎత్తేవారు కాదు. మంచి గురువూ, పిరికి మనిషీ ఒకే చొక్కాలో ఉండొచ్చని ఆయన్ని చూశాకే తెలిసింది.

ఎస్తేరక్క, ఒక్క బటను

శ్రీకాకుళంలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు. అక్కడ రికార్డు గది ఎస్తేరక్కది. మా బాప్టిస్టు చర్చిలోనే పాటల బృందంలో పాడుతుంది. రిజిస్టర్ల కాలం నుంచి ఆ గదిలో ఉన్న మనిషి. కంప్యూటరుకి క్రోషియాతో అల్లిన తెల్ల గుడ్డ కప్పేది. దుమ్ము పడకుండానని అడిగితే, "కాదు, బోసిగా ఉంటే బాగోదు" అనేది.

అక్కడి ప్రోగ్రాము రాసింది నేను. రోగి కార్డు తెరిస్తే పేరు, ఊరు, జబ్బు, పడని మందులు, అన్నీ ఒకే పేజీలో వస్తాయి. అడుగున ఒక్క బటను, 'భద్రపరచి మూయి'. నొక్కితే రాసింది దాచుకుని కార్డు మూసుకుంటుంది. ఎస్తేరక్క మొదట్లోనే అడిగింది. "దాయడానికి ఒకటి, ముయ్యడానికి ఒకటి ఏరేగా పెట్టకూడదా అమ్మా?"

"రెండూ ఒకటే కదక్కా. రెండు బటన్లుంటే మీరు తికమక పడతారు" అన్నాను.

ఇంకోసారి కూడా అడిగింది. మళ్ళీ అదే చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. ఎందుకు కావాలి అని మాత్రం అడగలేదు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదో జబ్బు. ఎదుటివాళ్ళు తికమక పడతారని మనమే తేల్చేస్తాం. వాళ్ళు ఎన్నడూ తికమక పడరు, మనం రాసిన దాని చుట్టూ దారి వెతుక్కుంటారు.

ఆ ఆసుపత్రి నుంచి వారానికోసారైనా ఫోను వచ్చేది. కార్డుకి లాక్ పడింది, ఇంకో గదిలో ఆ కార్డు తెరుచుకోవడం లేదు అని. వెళ్ళేదాన్ని. ఎస్తేరక్క కంప్యూటర్లో కింది వరసలో బోలెడు కార్డులు తెరిచి ఉండేవి. "ఇన్ని తెరిచి పెడితే ఎలా అక్కా? అయిపోగానే మూసెయ్యాలి" అని క్లాసు పీకేదాన్ని. "మూస్తాన్లేమ్మా, మూస్తాను, దాని టయానికి" అనేది. ఆ 'టైము' ఏమిటో తెలుసుకోకుండానే ఇంటికొచ్చేసేదాన్ని.

ఆదివారం

ఆసుపత్రికి కొత్త కంప్యూటర్లొచ్చాయి. అవి పాత ఫైలుని తెరిచేది లేదని భీష్మించుకున్నాయి. దాంతో కొత్త వెర్షన్‌లోకి మార్చక తప్పలేదు. ఓపీ ఉండని ఆదివారం తప్ప కుదరదన్నారు. సరే, నేను ఆరాధన ఎగ్గొట్టి, తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ఉన్నాను. మధ్యాహ్నం మా చెల్లెలింట్లో బిర్యానీ. పన్నెండున్నరకల్లా తేల్చెయ్యాలని ముందే లెక్క వేసుకున్నాను.

ముందు పాత ఫైలుకి నకలు తీసి పెట్టుకున్నాను. ఆపాటి బుద్ధి ఉంది. తర్వాత మార్చబోతే, ఫైలు వాడుకలో ఉందంది. చిట్టి ఫైలు తెరిచి చూస్తే రికార్డు గదిలో రెండో కంప్యూటరు పేరుంది. అంటే ఎస్తేరక్కది. ఆవిడేమో చర్చిలో పాడుతోంది. గదిలోకి వెళ్ళి తొంగి చూశాను. స్క్రీను నల్లగా ఉంది, మీద తెల్ల గుడ్డ చక్కగా పరిచి ఉంది. కంప్యూటరు డబ్బా బల్ల కింద, పాత కార్డుల పెట్టెల వెనకాల ఉంటుంది. వంగి చూడలేదు. దెయ్యమే అనుకున్నాను.

దెయ్యాన్ని వదిలించడానికి ఒక మార్గం ఉంది. ఫైలున్న కంప్యూటరు దగ్గరికెళ్ళి, బయటి నుంచి ఎవరు తెరిచారో చూసి, బలవంతంగా తెంపెయ్యడం. అలా చెయ్యబోతే అది అడుగుతుంది కూడా, దాచుకోని సమాచారం పోవచ్చు, సరేనా అని. అడిగింది. సరే అన్నాను. ఇంత మర్యాదగా అడిగే పనిముట్టు ఇంకోటి ఉండదు, మనమే దాని మాట వినం.

ఆ తర్వాత అంతా వెన్నలా సాగింది. ఫైలు మారింది. పాతదాంట్లో ఎన్ని కార్డులున్నాయో కొత్తదాంట్లోనూ అన్నే. ఇక ఒక్కో కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాము పెట్టడమే మిగిలింది. ఎస్తేరక్క గదికి వచ్చి, గుడ్డ తీసి మడతపెట్టి, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, ఆన్ చెయ్యడానికి బటను నొక్కాను.

లోపల ఫ్యాను ఆగిపోయింది.

ఆగిపోయిన చప్పుడు స్పష్టంగా విన్నాను. ఆపి ఉన్న కంప్యూటరు అయితే బటను నొక్కగానే ఫ్యాను మొదలవ్వాలి గానీ ఆగదు. అంటే అది పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది. ఎస్తేరక్క స్క్రీను ఒక్కటే ఆపి వెళ్ళింది. లోపల కార్డులు తెరిచే ఉన్నాయి. నేను తెంపింది దెయ్యాన్ని కాదు. ఇదంతా నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ, ఏమీ తెలియనట్టు ఇంకోసారి బటను నొక్కి, కొత్త ప్రోగ్రాము పెట్టేశాను. పన్నెండు దాటింది. రేపు చూద్దాంలే అనుకుని బిర్యానీకి వెళ్ళిపోయాను. ఆ బిర్యానీ బాగుంది కూడా. సిగ్గులేకుండా రెండుసార్లు వడ్డించుకున్నాను.

సోమవారం పొద్దున్న

ఏడున్నరకి ఫోను. "సుగుణా, నా కార్డులేవీ?" ఎస్తేరక్క ఎప్పుడూ హలో అనకుండా మాట్లాడదు.

పరుగున వెళ్ళాను. ఆవిడ నిలబడే ఉంది. "పడకల మీద పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు కార్డులూ తెరిసే ఉంచినాను. ఒక్కటీ లేదు."

"తెరిచి ఎందుకు ఉంచావక్కా? బటను నొక్కి మూసెయ్యాలి కదా!" అని నేనే ఎదురు దబాయించాను, పైగా.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మనిషి పడక మీద ఉండగా కార్డు ముయ్యొచ్చునేటి? కాయితం కార్డులప్పుడు కూడా మా పెద్ద సిస్టరమ్మ ఒప్పుకునీవారు కాదు. రోగి ఇంటికెల్లిన దాకా కార్డు బల్ల మీద తెరిసే ఉండాల. ముయ్యడమంటే ఒకటి ఇంటికెల్లినప్పుడు, లేకపోతే పోయినప్పుడు. నీ బటనేమో దాస్తే మూసేస్తాది. అందుకే గదా ఏరే బటను అడిగినాను."

ఇన్నేళ్ళ లాకులకీ కారణం అదీ. పన్నెండు మంది బతికి ఇంటికెళ్ళాలని ఆవిడ తెరిచి ఉంచిన పన్నెండు కార్డులు. బటను నొక్కదు కాబట్టి రాసింది లోపల దాగదు. కరెంటు పోయి పోగొట్టుకున్నప్పుడల్లా కేసు కాగితాలు చూసి మళ్ళీ కొట్టుకునేదట. మాకు ఒక్కసారీ చెప్పలేదు, ఎందుకంటే మేం తిడతాం కదా.

"పదకొండు మందివి కాయితాలు సూసి మల్లీ కొట్టేస్తాను. గంగమ్మది ఎలగ?" అంది. అప్పుడు మొదటిసారి ఆ పేరు విన్నాను.

గంగమ్మది కళింగపట్నం. ఎండుచేపలు అమ్ముతుంది. పిత్తాశయంలో రాళ్ళు. శనివారం సాయంత్రం చేరింది, సోమవారం పదింటికి ఆపరేషన్. పూర్వం వేరే ఊళ్ళో ఒక ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు ఏదో మందు పడక, ఊపిరి ఆగి, చావు దాకా వెళ్ళి వచ్చింది. ఆ మందు పేరు అక్కడి డాక్టరు ఒక కాగితం మీద రాసిచ్చి, ఇది పోతే నీ పెళ్ళాం పోయినట్టే అని మొగుణ్ణి బెదిరించాడట. అప్పట్నుంచి మొగుడు ఎర్రయ్య ఆ కాగితాన్ని ఎవరి చేతికీ వదలడు. శనివారం ఎస్తేరక్కకి చూపించాడు. ఆవిడ ఒక్కో అక్షరమే చూసి కార్డులో కొట్టింది. అతను కాగితం మడిచి పట్టుకుపోయాడు. ఆపరేషన్ రోజు పొద్దున్న పడని మందుల జాబితా నా ప్రోగ్రామే అచ్చుకొట్టి ఇస్తుంది. దాన్నే చూసుకుని థియేటర్లో మందులు సిద్ధం చేస్తారు.

నేను తీసిన నకలు తెరిచి చూశాను. అందులోనూ లేదు. దాచనిది నకల్లోకి ఎక్కడ నుంచి వస్తుంది?

జాబితా అప్పటికే ఏడింటికి అచ్చయి థియేటరుకి వెళ్ళిపోయింది. ఆపరేషన్ల పట్టిక నుంచి తీసుకున్న గంగమ్మ పేరు ఎదురుగా 'పడని మందులు: లేవు' అని ఉంది. ఖాళీగా ఉన్న గడి కనిపిస్తే 'లేవు' అని రాయమని ప్రోగ్రాముకి చెప్పిన మహానుభావురాల్ని నేనే. ఖాళీ గడి అసహ్యంగా ఉంటుందని. ఎస్తేరక్క ఆ పూట కార్డుల కోసం వెతుక్కోకపోయి ఉంటే, ఆ 'లేవు' చూసి గంగమ్మకి ఆ మందే ఇచ్చేవాళ్ళు.

"పేరు గుర్తుందా అక్కా?"

"ఎస్సుతోటి మొదలు. పొడుగు పేరు. అంతకంటే నాకు రాదు తల్లీ."

గంగమ్మకి తోడుగా ఉన్న ఆడపడుచుకి చదువు రాదు. గంగమ్మకి తెలిసింది 'పెద్ద సూది' అని మాత్రమే. ఎర్రయ్య ఫోను మోగుతోంది గానీ ఎత్తడు. సన్యాసిరావు గారికి ఫోన్ చేశాను. మొత్తం విని, ఆయన నెమ్మదిగా అన్నారు. "కంపూటరు పాడైపోనాదని సెప్పు. మన పేరు ఎందుకు? ఏ మందైనా సూసి ఇమ్మను, డాక్టర్లకి ఆ మాత్రం తెలీదేటి?"

ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఎంతో చెప్పాను కదా. అయినా ఆ పూట ఫోను పెట్టేశాను.

ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. వెళ్ళి చెప్పాను. తెంపింది నేను, ఫ్యాను ఆగితే విన్నది నేను, 'లేవు' అని రాయించింది నేను. ఆవిడ కుళాయి కట్టేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మత్తు డాక్టరు గారు విజయనగరం నుంచి సోమవారం ఒక్కరోజే వస్తారు. రెండింటి దాకా ఉంటారు. అప్పటికి పేరు దొరికితే చేస్తాను, లేకపోతే వచ్చే సోమవారమే. ఈ లోపల ఆ పిత్తాశయం సంచి చిల్లు పడకూడదని మీరే ప్రార్థన చేసుకోండి. నిన్న మానేసినట్టున్నారుగా" అంది. మాది ఒకే చర్చి.

కళింగపట్నం

స్కూటరు మీద బయల్దేరాను. దారి పొడుగునా నేను ఏం ఆలోచించానో రాయను, అందులో తెలివైన మాట ఒక్కటీ లేదు.

గంగమ్మ ఇంటికి తాళం. లోపల ఎర్రయ్య ఫోను మోగుతోంది, నేను చేస్తుంటేనే. ఒక ఫోను అదివరకే సముద్రంలో పడిందని రెండోదాన్ని ఇంట్లో పెట్టి వేటకెళ్తాడట. తాళంచెవి మొల్లో ఉంటుందట. ఇవన్నీ ఇసుకలో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు చెప్పారు. ఆఫీసు చీర, భుజాన ల్యాప్‌టాప్ సంచీతో ఎండలో నిలబడ్డ నన్ను చూసి వాళ్ళకి మంచి కాలక్షేపమైంది.

"ఏటమ్మా, సంచీలోటి అమ్మకానికేటి?"

"ఎర్రయ్య ఎప్పుడొస్తాడమ్మా?"

"సముద్రమేటైనా నీ బస్సేటి, టయానికి రాడానికి? కూకో."

కూర్చున్నాను. పదయింది, పదకొండయింది. పాతిక అడుగుల దూరంలో సముద్రం, గంటకి పాతికసార్లు గడియారం. పన్నెండుకి కాస్త ముందు పడవ కనబడింది. ఎర్రయ్య ఇంకా నీళ్ళలో ఉండగానే నేను చీర తడుపుకుంటూ ఎదురెళ్ళాను.

"గంగమ్మ మందు కాగితం కావాలి. తొందరగా."

అతని మొహం పాలిపోయింది. "మాయాడదానికేటైనాది?"

నిజం చెప్పాల్సింది అక్కడే. నోరు రాలేదు. "ఏం కాలేదు. డాక్టరమ్మ కాగితం ఒకసారి చూస్తానన్నారు, అంతే" అన్నాను.

అతను తడి బట్టలతోనే పరిగెత్తాడు. తాళం తీసి, రేకు పెట్టె తెరిచి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన కాగితం బయటికి తీశాడు. నా చేతికి ఇవ్వలేదు, తనే పట్టుకుని చూపించాడు. ఫొటో తీసి పంపాను. అది చాలదని డాక్టరమ్మకి ఫోన్ చేసి ఒక్కో అక్షరం చదివాను. ఆవిడ తిరిగి చదివింది. తర్వాత, "పొద్దున్న ట్రేలో పెట్టింది ఇదే" అంది.

నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఎర్రయ్య నాకు మంచినీళ్ళిచ్చి, "మీరింత మంచోలేటమ్మా" అన్నాడు.

వేరే మందుతో ఒంటి గంటన్నరకి ఆపరేషన్ మొదలుపెట్టారు. బాగా జరిగింది.

ఆ తర్వాత

ఆ వారంలోనే బటను రెండు చేశాను. దాచడానికి ఒకటి, మూయడానికి ఒకటి. ఎస్తేరక్క కార్డులు ఇప్పుడూ తెరిచే ఉంటాయి, కానీ రాసింది రాసినట్టే దాగుతుంది. ఖాళీ గడికి 'లేవు' తీసేసి 'ఇంకా అడగలేదు' అని పెట్టాను. చూడ్డానికి అసహ్యంగానే ఉంది. ఉండనీ. లాక్ కనబడితే అందులో పేరున్న కంప్యూటరు దగ్గరికి నడిచి వెళ్ళి, బల్ల కిందికి వంగి చూస్తాను. నా నడుం నొప్పికి కారణం అడిగితే అదే చెబుతాను. లాక్ పడిందంటే లోపల ఎవరో ఉన్నారని, వాళ్ళకి ఏదో పని ఉందని ముందు నమ్మండి పిల్లలూ. దెయ్యమేమోనని తర్వాత అనుమానించొచ్చు. తొందరేం లేదు.

సన్యాసిరావు గారు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మూడో వారం వచ్చి నా బల్ల మీద స్క్రూడ్రైవరు తిప్పుతూ, "నాకయితే ఆ ధైర్యం లేదు సుగుణా" అన్నారు.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు గంగమ్మని చూడ్డానికి వార్డుకి వెళ్ళాను. ఎర్రయ్య నా కోసమే ఎదురు చూస్తున్నట్టున్నాడు. కాళ్ళ దగ్గర బుట్ట నిండా ఎండుచేపలు, చిన్న చిన్న నెత్తళ్ళు, మధ్యలో ఖరీదైన పెద్ద వంజరం చేప ఒకటి. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. "ఈయమ్మే! సీర తడిపీసుకుని సముద్రంలోకొచ్చీసినాది నీ కోసరం. ఈయమ్మ లేకపోతే నువ్వు లేవు." పక్క మంచాల వాళ్ళంతా నన్నే చూస్తున్నారు. ఒక ముసలావిడ చల్లగా ఉండమ్మా అని దీవించింది కూడా.

పుచ్చుకుని వచ్చేద్దామనే అనుకున్నాను. అబద్ధమెందుకు, చెయ్యి బుట్ట దాకా వెళ్ళింది. కానీ ఆ జోడించిన చేతులు చూసి వెనక్కి తీసుకున్నాను. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. నీ కార్డు ముయ్యకుండా ఉంచింది ఎస్తేరక్క అని, తెంపింది నేనేనని, తెలిసి కూడా వెళ్ళిపోయానని, సముద్రం ఒడ్డున నీ మొగుడికి అబద్ధం చెప్పానని.

ఎర్రయ్య చేతులు కిందికి దిగిపోయాయి. గంగమ్మ నన్ను చాలాసేపు చూసింది.

"అంటే, నాను సచ్చిపోదునేటి?"

"ఔను."

"మరి ఇప్పుడెందుకు సెప్పినావు? సెప్పకపోతే నాకెలగ తెలుస్తాది?"

"మీ ఆయన దండం పెడుతుంటే తట్టుకోలేకపోయాను."

ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వో, ఏడుపో అర్థం కాలేదు. "ఓలమ్మో, నవ్వించకు, కుట్లు లాగతన్నాయి" అని, మొగుడి వైపు తిరిగి, "ఆ బుట్ట ఇలగియ్యి" అంది.

బుట్ట మంచం మీదే పెట్టించుకుని, పడుకునే చేత్తో రెండు కుప్పలు చేసింది. "ఇది నువ్వు ఎండలో కూకున్నందుకు. ఇది ఆ రికార్డు గదిలో అమ్మకి, నాను ఇంటికెల్లాలని కార్డు ముయ్యకుండా ఉంచినాది గదా." కాసేపు నా కుప్పకేసి చూసింది. అందులోంచి పెద్ద వంజరం తీసి ఎస్తేరక్క కుప్పలో వేసింది.

"ఇది మాయాయనకి అబద్దం సెప్పినందుకు" అంది.

నేను మిగిలిన నెత్తళ్ళు సంచీలో వేసుకున్నాను.